మీరు ఇతరులకంటే తెలివైనవారో కాదో నోటుపుస్తకంలో తేల్చుకునే పద్ధతి

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఏ గల్లీలోకి వెళ్లినా "మా చిన్నోడు మస్తు హుషారు, పెద్దోనికి అంత దిమాక్ లేదు" అన్న మాట ఏదో ఒక అరుగు మీద వినబడుతుంది. ఆ మాట అన్నవాళ్లు వారం తిరిగేసరికి మరచిపోవచ్చుగానీ, విన్న పిల్లవాడు మరచిపోడు. పైగా దాని ఆధారంగానే ఇంట్లో పెద్ద నిర్ణయాలు జరిగిపోతాయి. ఎవరిని హైదరాబాద్ కోచింగ్‌కు పంపాలి, ఎవరిని పొలం దగ్గర ఉంచాలి, అన్నదమ్ముల్లో ఎవరి మాట మీద అప్పు తేవాలి, కోడలు చెప్పిన లెక్క వినాలా వద్దా అన్నవన్నీ "ఎవరు ఎక్కువ తెలివైనవారు" అన్న ప్రశ్నకు మనం మనసులో ముందే ఇచ్చుకున్న జవాబును బట్టి నడుస్తాయి. ఇంత బరువు మోసే జవాబును ఎవరూ కొలిచి చూడకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

కొలవడం సాధ్యమే. అయితే మూడు షరతులున్నాయి. ఏ పనిలో తెలివి అన్నది ముందే తేల్చుకోవాలి. అంచనాలు ఫలితం రాకముందే కాగితం మీదకు ఎక్కాలి. ఆ అంచనాలను, ఏమీ తెలియని మనిషి గుడ్డిగా చెప్పినా దక్కే ఫలితంతో పోల్చాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలేది గొంతు పెద్దది చేసి చెప్పుకోవడమే.

ముందుగా పనిని విడదీయండి

వరి కోతల కాలంలో మిర్యాలగూడ వైపు ఏ కొనుగోలు కేంద్రానికి వెళ్లినా ఒక దృశ్యం చూడవచ్చు. కల్లంలో ఆరబోసిన వడ్ల కుప్ప దగ్గరకు పెద్ద వయసు రైతో హమాలీయో వచ్చి, నాలుగు గింజలు తీసి, ఒకదాన్ని పంటి కింద పెట్టి కొరుకుతాడు. గింజ కటుక్కున విరిగితే ఒక అర్థం, కాస్త సాగినట్టు నలిగితే ఇంకొక అర్థం. "ఇంకా పచ్చిగనే ఉన్నయ్ బిడ్డా, రెండు ఎండలు కావాలె" అంటాడు. కేంద్రంలోని యువకుడు తేమ మిషన్‌లో గింజలు పోసి చూస్తే, ప్రభుత్వ కొనుగోలుకు పరిమితి అయిన 17 శాతానికి పైన అంకె కనబడుతుంది. ఆ పెద్దాయనను పది మార్కుల గణిత పరీక్షకు కూర్చోబెడితే ఎన్ని వస్తాయో చెప్పలేంగానీ, వడ్ల తేమ విషయంలో ఆయనకు ఎదురు నిలిచే పట్టభద్రులు ఆ కల్లంలో దొరకరు.

ఈ ఉదాహరణను పల్లె గొప్పదనం చాటడానికి చెప్పడం లేదు. ఆయన నేర్పు ఎలా వచ్చిందో గమనించడం ముఖ్యం. ఏళ్ల తరబడి గింజ కొరికాడు, ప్రతిసారీ కాసేపట్లోనే మిషనో మిల్లువాడో తీర్పు చెప్పారు, తప్పైతే అక్కడికక్కడే నష్టం తెలిసింది. అదే మనిషి పత్తి ధర వచ్చే జనవరిలో ఎంత ఉంటుందో చెబితే నమ్మవలసిన అవసరం లేదు, ఎందుకంటే ఆ విషయంలో ఆయనకు తీర్పు ఏడాదికి ఒక్కసారే వస్తుంది, దానికి కారణాలు కూడా ఊరి బయట ఎక్కడో ఉంటాయి. కాబట్టి "ఆయన తెలివైనవాడా" అని అడగకుండా, "వడ్ల తేమలో, బ్యాంకు కాగితాల్లో, పిల్లల చదువు విషయంలో, మనిషి మాటలో నిజం పట్టడంలో ఎవరెంత" అని విడివిడిగా అడగండి. ఒక కాగితం మీద మీ ఇంటి పనులు పదో పదిహేనో రాసి, ఒక్కోదాని ఎదుట ఇంట్లో ఎవరి మాట ఎక్కువసార్లు నిజమైందో పేరు రాసి చూడండి. ఒకే పేరు అన్నింటి ఎదుటా వస్తే, అది ఆ మనిషి తెలివిని కాకుండా ఆ ఇంట్లో ఆయన పెత్తనాన్ని చెబుతోందేమోనని అనుమానించాలి.

"మరి ఐక్యూ ఉందిగా, ఒక్క అంకెతో అన్నీ తేలిపోతాయిగా" అనేవారున్నారు. ఆ అంకె చరిత్ర తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ఫ్రాన్స్ ప్రభుత్వం బడిలో వెనుకబడిన పిల్లలను గుర్తించి వారికి ప్రత్యేకంగా చదువు చెప్పించాలనుకున్నప్పుడు, ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ కలిసి 1905లో మొదటి పరీక్షను తయారుచేశారు. ఎవరికి సాయం కావాలో కనుక్కోవడం దాని ఉద్దేశం, ఎవరు గొప్పో తేల్చడం కాదు. తెలివి పుట్టుకతో బిగిసిపోయిన కొలత అనే వాదాన్ని బినే స్వయంగా వ్యతిరేకించాడు. 1912లో జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ మానసిక వయసును, అంటే బిడ్డ ఏ వయసు పిల్లల స్థాయిలో జవాబులు చెబుతోందో ఆ వయసును, అసలు వయసుతో భాగించే లెక్కను ప్రతిపాదించాడు, 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ ఆ పరీక్షను మార్చి విస్తరించాడు, ఆ తరువాతే అది మనుషులను వరుసలో నిలబెట్టే పనిముట్టుగా మారింది. నేటి పరీక్షలలో సగటును 100గా అమరుస్తారు. వందలో సుమారు 68 మంది 85కు, 115కు మధ్య ఉంటారు, 130 దాటేవారు వందకు ఇద్దరు.

ఆ అంకెకు విలువ లేదని నేను అనను. 1904లోనే చార్లెస్ స్పియర్మన్ గమనించినట్టు, ఒక రకం పరీక్షలో బాగా చేసినవారు తక్కిన రకాలలోనూ కొంత బాగా చేస్తారు, బడి మార్కులతోనూ దానికి సంబంధం ఉంది. కానీ అదే మనిషి మరో రోజు రాస్తే కొన్ని పాయింట్లు అటూ ఇటూ అవుతాయి గనుక, 104 వచ్చిన పిల్లను 108 వచ్చిన పిల్లకంటే తక్కువ అనడం లెక్క తెలియని పని. పైగా జేమ్స్ ఫ్లిన్ 1980లలో చూపినట్టు, అమెరికాలో ఈ పరీక్షల సగటు పదేళ్లకు సుమారు మూడు పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. అంత తక్కువ కాలంలో మనుషుల పుట్టుక మారదు. మారినవి బడులు, తిండి, ఆరోగ్యం, బుర్రకు పని చెప్పే పరిసరాలు. గర్భిణికి, పసిబిడ్డకు అయోడిన్ తగినంత అందకపోతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుందన్నది వైద్యులందరూ ఒప్పుకున్న సంగతి. కూలీలను వలస తీసుకుపోయే గుంపు మేస్త్రి వెంట ఏటా ఆరు నెలలు ఊరు విడిచిన తల్లిదండ్రుల బిడ్డకూ, పట్టణంలో ఒకే బడిలో పన్నెండేళ్లు చదివిన బిడ్డకూ మధ్య కనిపించే తేడాను తెలివిలో తేడాగా రాసేముందు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ప్రాంతాలకు ప్రాంతాలనే తూకం వేసి తక్కువ చేసే మాటల విషయంలో మన నేల మీదే ఒక మంచి ఉదాహరణ ఉంది. తెలంగాణలో కవులు లేరన్న అర్థం వచ్చేలా ఒకరు రాసినప్పుడు, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఎదురు తిట్టడంతో సరిపెట్టకుండా ఊరూరి నుంచి కవితలు, వివరాలు సేకరించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించాడు. వాదనను లెక్కగా మార్చడమంటే ఇదే.

గుడ్డిగా చెప్పినా ఎంత నిజమవుతుందో తెలుసుకోండి

ఈ గైడులో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది, దీన్నే అందరూ దాటేస్తారు.

బోరు వేయించేముందు పాయింటు చూసేవారిని పిలవడం దేవరకొండ నుంచి కల్వకుర్తి దాకా మామూలే. ఒకరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తారు, అది నిలువుగా లేచిన చోట ఆగుతారు. ఇంకొకరు కొమ్మ చీలిన వేపపుల్ల పట్టుకుంటారు. ఆ చుట్టుపక్కల పదిమందిని అడిగితే "ఆయన చెప్పినకాడ నీళ్లు పడ్డయ్" అనే సాక్షులు తప్పక దొరుకుతారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. కానీ అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: పాయింటు చూడకుండా, ఎవరికి వీలైనచోట వాళ్లు వేసుకున్న బోర్లలో ఎన్నింట్లో నీళ్లు పడ్డాయి?

మన నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు వంటి గట్టి రాయి. నీళ్లు పైన శిథిలమైన పొరలోనూ, కింద రాతి పగుళ్లలోనూ ఉంటాయి. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. ఒక ఊరిలో ఎక్కడ వేసినా పదింటిలో ఆరింటికి ఎంతో కొంత నీరు తగులుతుందనుకుందాం. ఆ ఊరిలో పాయింటు చూసిన మనిషికి పదింటిలో ఆరు నిజమైతే ఆయన చేర్చినది ఏమీ లేదు. పదింటిలో ఐదే నిజమైతే ఆయనను పిలవకపోవడమే లాభం. పదింటిలో తొమ్మిది నిజమైతే, అదీ ఇరవై ముప్పై బోర్లకు పైన నిజమైతే, అప్పుడు ఆగి ఆలోచించాలి. సఫలమైన బోరు ఏళ్ల తరబడి నీళ్లు పోస్తూ కంటి ముందే ఉంటుంది కనుక దాని కథ నిలుస్తుంది. ఎండిన బోరును మట్టి వేసి మూసేస్తారు, దానితోపాటు ఆ కథ కూడా పూడిపోతుంది, మిగిలేది వడ్డీ మాత్రమే.

ఈ ఒక్క ప్రశ్నను అలవాటు చేసుకుంటే మీ చుట్టూ ఉన్న "తెలివైనవారి" జాబితా చాలా మారుతుంది. ప్రవేశపరీక్ష రాసి ఏరుకున్న పిల్లలనే చేర్చుకునే కాలేజీకి మంచి ర్యాంకులు వస్తే, ఆ పిల్లలు ఇంకెక్కడ చదివినా ఎన్ని వచ్చేవో అడగాలి. "పుట్టేది మగబిడ్డే" అని చెప్పి నిజమైనవారిని చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు, ఊరికే చెప్పినా సగం నిజమవుతుంది. మీ గురించి మీరు వేసుకునే లెక్కకూ ఇదే సూత్రం.

నోటుపుస్తకం రాసే పద్ధతి

రెండు వందల పేజీల మామూలు నోటుపుస్తకం చాలు. ఒక పేజీలో ఐదు గడులు గీయండి: తేదీ, ప్రశ్న, నా అంచనా ఎంత శాతం, ఎందుకు అనుకుంటున్నాను, చివరికి ఏమైంది. పక్కన మీరు ఎవరితో పోల్చుకోవాలనుకుంటున్నారో వారి అంచనాకూ ఒక గడి ఉంచి, వారికి తెలిసే రాయండి.

ప్రశ్న రాయడంలోనే సగం పని ఉంది. "ఈసారి వానలు మంచిగుంటాయా" అన్నది ప్రశ్నే కాదు, ఎందుకంటే ఏం జరిగినా రెండువైపులా వాదించుకోవచ్చు. "మిరుగు మొదలైన పదిహేను రోజుల్లో మా మండలంలో మొత్తం వాన 60 మిల్లీమీటర్లు దాటుతుందా" అన్నది ప్రశ్న, ఎందుకంటే మండల వర్షపాతం అంకె దాన్ని తేల్చేస్తుంది, పత్తి గింజ ఎప్పుడు పెట్టాలన్న నిర్ణయమూ దాని మీదే ఆధారపడుతుంది. అలాగే "దసరాలోపు ఫలానా నోటిఫికేషన్ వస్తుందా", "అమ్మాయికి ఈ మాక్ పరీక్షలో 70 దాటుతాయా", "ఆదివారంలోపు మేస్త్రి స్లాబు పని పూర్తి చేస్తాడా" వంటివి రాయవచ్చు. తేదీ, అంకె, తీర్పు చెప్పే ఆధారం ఈ మూడూ ఉన్నాయో లేదో ప్రతిసారీ చూసుకోండి.

అంచనాను "అవుతుంది, కాదు" అని కాకుండా శాతంలో రాయడం మొదట్లో వింతగా అనిపిస్తుంది, కానీ అసలు సంగతంతా అందులోనే ఉంది. కొద్దిగా నమ్మకం ఉన్నప్పుడు 60 అని, బాగా ఉన్నప్పుడు 90 అని రాయడం నేర్చుకున్నవాడు తనకు తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య గీతను చూడగలుగుతాడు.

మార్కులు వేసే పద్ధతిని 1950లో అమెరికా వాతావరణ శాఖలో పనిచేసిన గ్లెన్ బ్రయర్ ప్రతిపాదించాడు. ఎనిమిదో తరగతి లెక్కలు వస్తే సరిపోతుంది. మీ శాతాన్ని దశాంశంగా మార్చండి, అంటే 80 శాతం 0.8 అవుతుంది. అనుకున్నది జరిగితే 1, జరగకపోతే 0. రెండింటి తేడాను దానితోనే గుణించండి. 0.8 అని రాసి అది జరిగితే తేడా 0.2, వర్గం 0.04. జరగకపోతే తేడా 0.8, వర్గం 0.64. అన్ని ప్రశ్నలకు వచ్చినవాటిని కూడి సగటు తీయండి. ఇక్కడ మార్కు ఎంత తక్కువైతే అంత మంచిది. దేనికైనా 50 శాతం అని రాసి కూర్చునే మనిషికి ఎప్పుడూ 0.25 వస్తుంది గనుక, మీ సగటు దానికంటే తక్కువ లేకపోతే మీరు తెచ్చిన వెలుగు ఏమీ లేదన్నమాట.

అన్నదమ్ములిద్దరు ఐదు ప్రశ్నలకు అంచనా వేశారనుకుందాం. ఐదింటిలో మూడు జరిగాయి, మూడోది, ఐదోది జరగలేదు. అన్న ప్రతిదానికీ గట్టిగా 90 శాతం అన్నాడు. తమ్ముడు వరుసగా 70, 80, 40, 70, 30 అన్నాడు. అన్నకు జరిగిన మూడింటికి 0.01 చొప్పున, జరగని రెండింటికి 0.81 చొప్పున మొత్తం 1.65, సగటు 0.33. తమ్ముడికి 0.09, 0.04, 0.16, 0.09, 0.09 కలిపి 0.47, సగటు 0.094. ఇంటిముందు కూర్చున్నవాళ్లకు అన్న మాటే గట్టిగా, నమ్మకంగా వినిపించి ఉంటుంది, ఐదింట్లో మూడు నిజమయ్యాయి కూడా. అయినా ఆయన లెక్క కళ్లు మూసుకుని సగం సగం అన్నవాడికంటే అధ్వాన్నం. తమ్ముడు తనకు అనుమానం ఉన్నచోట అనుమానమని చెప్పినందుకే ముందున్నాడు.

ఐదు ప్రశ్నలతో ఎవరి మీదా తీర్పు చెప్పకండి, అదృష్టం పాలు అందులో చాలా ఎక్కువ. కనీసం ముప్పై నలభై ప్రశ్నలు తేలేవరకు ఆగాలి. ఫలితం వచ్చాక పాత అంచనాను దిద్దకుండా పెన్నుతోనే రాయండి. మధ్యలో కొత్త సంగతి తెలిసి మనసు మారితే కొత్త తేదీతో కొత్త వరుస రాసుకోవచ్చు, అది తప్పేమీ కాదు. ఫిలిప్ టెట్లాక్ బృందం 2011 నుంచి కొన్నేళ్లపాటు వేలాది మామూలు మనుషులతో ప్రపంచ సంఘటనల మీద ఇలాంటి అంచనాలే వేయించి చూసినప్పుడు, ముందు నిలిచినవారిలో కనిపించిన లక్షణాలలో ఒకటి ఇదే: కొత్త సమాచారం రాగానే అంచనాను కొద్దికొద్దిగా, తరచుగా సవరించుకోవడం.

తొందరగా తట్టిన జవాబును ఆపడం

ఒక పుస్తకం, ఒక పెన్ను కలిపి 110 రూపాయలు. పెన్నుకంటే పుస్తకం 100 రూపాయలు ఎక్కువ. పెన్ను ధర ఎంత? మనసులో వెంటనే 10 అని తడుతుంది. 10 అయితే పుస్తకం 110, రెండూ కలిపి 120 అవుతాయి. సరైన జవాబు 5. షేన్ ఫ్రెడరిక్ 2005లో ఈ రకం ప్రశ్నలను అమెరికాలోని పేరున్న విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఇచ్చినప్పుడు అక్కడా చాలామంది తప్పు చెప్పారు. కూడిక రాక కాదు, తట్టిన జవాబును ఒకసారి వెనక్కి వేసి సరిచూడకపోవడం వల్ల. నోటుపుస్తకంలో "ఎందుకు అనుకుంటున్నాను" అన్న గడి ఉన్నది ఆ ఒక్క క్షణం ఆగడానికే. ఆ గడిలో మీ కారణం రాశాక, దానికి ఎదురు కారణం కూడా ఒక్క వాక్యంలో రాయండి. రాయడానికి ఏమీ దొరకలేదంటే మీరు ఆ విషయాన్ని ఒకవైపు నుంచే చూశారని అనుకోవాలి.

తనను తాను ఎక్కువగా అంచనా వేసుకోవడం గురించి 1999లో డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ చేసిన పరిశోధనను చాలామంది ఇతరులను ఎగతాళి చేయడానికి వాడుకుంటారు. వారి పరీక్షల్లో అట్టడుగు పావు వంతు విద్యార్థులు సగటున వందలో 12 మందికంటే మాత్రమే ముందుండి, 62 మందికంటే ముందున్నామని అనుకున్నారు. ఆ తేడాలో కొంత భాగం లెక్క కట్టిన తీరు వల్లనే కనబడుతుందని తరువాతి పరిశోధకులు అన్నారు గనుక దాన్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. కానీ దాన్ని పక్కవాడి మీదకు విసరకుండా మీ పుస్తకం మీదే ప్రయోగించండి: మీరు 90 శాతం అని రాసిన ప్రశ్నలన్నింటినీ ఒకచోట చేర్చి, వాటిలో పదికి తొమ్మిది నిజమయ్యాయో లేదో చూడండి. ఆరే నిజమైతే, ఇకమీదట మీకు 90 అనిపించినచోట 60 అని రాయడం మొదలుపెట్టండి.

తెలివి పెరిగే చోటు

లెక్క చూసుకున్నాక "నేను వెనుకబడ్డాను" అని తేలితే ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగం ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగం దీనికి దారి చూపుతుంది. నిజమైన ఆటలోని బల్లను ఐదు సెకన్లు చూపించి మూసేస్తే, ఆరితేరిన ఆటగాడు చాలా పావులను తిరిగి వాటి చోట్లలో పెట్టగలిగాడు, కొత్తవాడు కొద్ది పావులే పెట్టగలిగాడు. పావులను అర్థంపర్థం లేకుండా చల్లి చూపితే ఇద్దరి మధ్యా తేడా దాదాపు పోయింది. ఆరితేరినవాడికి ఉన్నది మామూలు మనుషులకు లేని జ్ఞాపకశక్తి కాదని, అంతకుముందు వేలసార్లు చూసిన అమరికలని దాని అర్థం. కల్లంలో గింజ కొరికిన పంటికీ, ఊర్లో వేలసార్లు లెడ్జర్ తిప్పిన కంటికీ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి మీరు ముందుకు రావాలనుకున్న విషయంలో తీర్పు త్వరగా వచ్చే చిన్న చిన్న సందర్భాలను మీరే కల్పించుకోవాలి. గ్రూప్-2కు చదివేవారు జిల్లా గ్రంథాలయంలో ఒకే పాఠాన్ని నాలుగుసార్లు గీతలు గీస్తూ చదవడం రోజూ కనబడుతుంది. రోడిగర్, కార్పికె 2006లో చేసిన ఒక ప్రయోగంలో పాఠాన్ని నాలుగుసార్లు చదివినవారికి వారం తరువాత 40 శాతం గుర్తుంటే, ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవారికి 61 శాతం గుర్తుంది. పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయడం కష్టంగా ఉంటుంది, తప్పులు కనబడతాయి, మనసు చిన్నబుచ్చుకుంటుంది. నేర్పు పెరిగేది అక్కడే.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచే ఉదాహరణ ఆలేరు దగ్గరి శారాజీపేటది. పోచంపల్లి చీరకు రంగులు కట్టేముందు పేక నూలును ఆసు పోయాలి, అంటే అర్ధచంద్రాకారపు చట్రం మీద వరుసగా ఉన్న మేకుల చుట్టూ చేత్తో దారాన్ని తిప్పాలి. ఒక చీరకు సుమారు 9000 సార్లు చేయి అటూ ఇటూ కదులుతుంది. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే గనుక భుజం నొప్పి కూడా వాళ్లదే. ఆరో తరగతితో బడి మానేసిన చింతకింది మల్లేశం తన తల్లి పడే బాధ చూడలేక 1992లో యంత్రం చేయడం మొదలుపెట్టి 1999లో పూర్తిచేశాడు, తల్లి పేరుతోనే దాన్ని లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంజనీరింగ్ చదివినవారికంటే ఆయన తెలివైనవాడా అని అడగడం కంటే, ఏడేళ్లు ఆయన చేసిన పని తీరును చూడటం మేలు. చేతి కదలిక మొత్తాన్ని ఒకేసారి యంత్రంలో పెట్టాలనుకోకుండా ఒక్కో కదలికను విడదీశాడు. ఒక్కోదానికి ఒక భాగం చేశాడు. దారం తెగితే, మేకు తప్పితే, తీర్పు అక్కడికక్కడే తెలిసింది. ఆ సమస్యను రోజూ దగ్గరగా చూసిన ఇల్లు ఆయనది, అది పెద్ద చదువులవారికి లేని వసతి. చదువు ఆగిపోయిందని తనను తాను తక్కువ చేసుకునే ప్రతి యువకుడూ తనకు దగ్గరగా ఉండి ఇతరులకు దూరంగా ఉన్న సమస్య ఏదో వెతుక్కోవాలి.

లెక్క మీవైపు మొగ్గితే

నలభై ప్రశ్నల తరువాత ఒక విషయంలో మీ సగటు మీ ఇంట్లో అందరికంటే బాగుందనుకుందాం. అప్పుడు కూడా నిర్ణయాన్ని ఒక్కరే చేయకపోవడం లాభమని ఒక పాత లెక్క చెబుతుంది. ఫ్రాన్సిస్ గాల్టన్ 1907లో ఇంగ్లండులోని ప్లిమత్ పశువుల సంతలో జరిగిన పందెం చీటీలను పరిశీలించాడు. ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక ఎంత బరువు తూగుతుందో జనం రాసిన 787 చీటీలను వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఉన్న అంచనా 1207 పౌండ్లు, అసలు బరువు 1198. అందులో కసాయివారూ ఉన్నారు, ఏమీ తెలియనివారూ ఉన్నారు. ఒక్కొక్కరి పొరపాట్లు చెరోవైపు ఉండటంవల్ల ఒకదాన్నొకటి కొట్టేశాయి. ఇది జరగాలంటే ఒకరి అంచనా ఇంకొకరి చెవిన పడకూడదు.

మన ఇళ్లలో, గ్రామసభలో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. పెద్దాయన ముందు మాట్లాడతాడు, తక్కినవారు "అంతే అంతే, నువ్వు చెప్పినట్టే" అంటారు, అప్పుడు పదిమంది కూర్చున్నా అక్కడ ఉన్నది ఒక్కరి తెలివే. దీన్ని మార్చడానికి ఎవరినీ అగౌరవపరచనక్కర్లేదు. ఈ యాసంగిలో ఎన్ని ఎకరాలకు నీళ్లు సరిపోతాయన్నది ప్రశ్న అయితే, మాట మొదలుకాకముందే అందరికీ చిన్న చీటీలు ఇచ్చి ఒక్క అంకె రాయమనండి. రాయడం రాని వారి దగ్గరకు ఎవరైనా పిల్లను పంపి, చెవిలో చెప్పించుకుని రాయించండి. ఆడవాళ్ల చీటీలు, కౌలుదారు చీటీ, పాలేరు చీటీ అన్నీ ఒకే డబ్బాలో పడాలి. పేర్లు లేకుండా అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా పేర్చి, మధ్యలో ఉన్నదాన్ని పైకి చదవండి. ఆ తరువాత వయసులో చిన్నవారితో మొదలుపెట్టి, ఎందుకు అంత రాశారో ఒక్కొక్కరినీ చెప్పమని, ఇంటి పెద్దను చివర మాట్లాడమని కోరండి. ఆ విషయంలో మంచి లెక్క ఉన్న మనిషి మీరే అయితే మీ వంతు కూడా ఆఖరునే ఉంచుకోండి, ఎందుకంటే అందరూ విన్నాక మీ అంచనాను సవరించుకునే అవకాశం మీకూ మిగులుతుంది. అందరి చీటీలను ఆ రోజు తేదీ వేసి నోటుపుస్తకంలోనే అంటించి, కోతలయ్యాక ఎన్ని ఎకరాలు పారాయో పక్కన రాసుకోండి.